శనివారం మాత్ర

నెల్లిమర్ల బజారులో కిరాణా కొట్టు జగన్నాధం ఆకలికి ఆగలేడన్న సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. ఏడింటికల్లా ఇడ్లీ పడాలి, పదింటికి ఏదో ఒకటి నమలాలి. ఒంటిగంట దాటిందా, చింతపండు అడిగినవాడికి బెల్లం కట్టిచ్చేస్తాడు. నోములూ ఉపవాసాలూ అన్నీ భార్య పద్మకుమారి వంతు. ఆవిడ పస్తుంటే పుణ్యంలో సగం తనకి రాకపోతుందా అని ఆయన ధీమా.

అలాంటి మనిషి రెండేళ్ల కిందట మూడు రోజులపాటు అన్నం ముట్టలేదు. పద్మకుమారికి ఎప్పుడూ నీరసం, రాత్రుళ్లు చెమటలు, ఎడమ డొక్కలో బరువు. విశాఖ తీసుకెళ్తే రక్తం పరీక్ష చేసి బ్లడ్ కేన్సర్ అన్నారు. ఇంకేముంది, చుట్టాలు బిలబిలమంటూ దిగిపోయారు. ఒకావిడైతే పద్మకుమారి తాగిన గ్లాసు విడిగా పెట్టించింది. జగన్నాధానికి ఒళ్లు మండిపోయింది. ఆ గ్లాసుతోనే గడగడా నీళ్లు తాగి, "ఇదేటి అంటుజబ్బేటి? వచ్చిన దారినే ఎల్లండి" అన్నాడు.

ఇద్దరికీ ధైర్యం చెప్పింది డాక్టరు సుహాసిని. ఎముకల్లోని మూలుగలో తెల్లకణాలు అదుపు తప్పి పుట్టుకొస్తున్నాయంది. బ్లడ్ కేన్సర్లన్నీ ఒకటి కావనీ, ఈ రకానికి రోజుకో మాత్ర వేసుకుంటూ చాలామంది ఏళ్ల తరబడి మామూలుగా బతుకుతున్నారనీ చెప్పింది. "ఖాళీ కడుపుతో మాత్రం వేసుకోకండమ్మా" అని కూడా చెప్పింది. జగన్నాధం దాన్ని తన కొట్టు లెక్కలో అర్థం చేసుకున్నాడు. ఆ మాత్ర గోనె మూతికి కట్టిన తాడులాంటిది, విప్పితే గింజలన్నీ నేలపాలు.

మూడు నెలలకోసారి చేసే పరీక్షలో, రక్తంలో జబ్బు ఎంతుందో చెప్పే అంకె దిగుతూనే వచ్చింది. ఆవిడ ముఖంలో కళ వచ్చింది, వంటింట్లో పాత హడావిడి మొదలైంది. అంతా బాగుందనుకుంటూండగా, మార్గశిరంలో ఒక లక్ష్మివారం నాడు చూపించుకోడానికి వెళ్తే, అంకె ఉన్నట్టుండి పైకెక్కి కూర్చుంది.

"మధ్యలో మాత్రలు మానేశారా?" అని అడిగింది సుహాసిని.

"మీరు సెప్పినట్టే ఏసుకుంటన్నానండి" అంది పద్మకుమారి. ఆ మాటలో దాపరికం లేదు.

"అయితే ఈ మందు పనిచెయ్యడం మానేసిందేమో. వచ్చే వారం ఇంకో పరీక్ష చేద్దాం. మందు మార్చాల్సి రావచ్చు" అంది డాక్టరు.

తిరుగు ప్యాసింజరులో జగన్నాధం కిటికీ పక్కన కూర్చున్నాడు. మందు ఓడిపోతే మనిషి ఏమవుతుంది? అదే ఆలోచన. కొత్తవలసలో రైలాగితే, అలవాటైన కాళ్లు వాటంతటవే దిగి రెండు ఇడ్లీ పొట్లాలు కొనుక్కొచ్చాయి.

"నాకొద్దండి. ఇవాళ లక్ష్మివారం కదా" అంది పద్మకుమారి.

"మరి మాత్ర?"

"అన్నం తినని రోజు మాత్రెలాగేసుకుంటాను? ఖాళీ కడుపుతో వద్దని డాక్టరమ్మే సెప్పింది కదా!"

జగన్నాధం పొట్లం విప్పబోతున్నవాడల్లా ఆగిపోయాడు. "ఎన్నాళ్లనుంచే ఇది?"

జబ్బు వచ్చాక మానేసిన ఉపవాసాలు, ఒంట్లో బాగుందని దసరా నుంచి మళ్లీ మొదలెట్టిందట. శనివారాలు, కార్తీక సోమవారాలు, ఇప్పుడేమో మార్గశిర లక్ష్మివారాలు. ఆ రోజుల్లో పొద్దు గుంకాక ఒక అరటిపండు, అంతే. మందు జోలికే పోలేదు. ఆయన తిని కొట్టుకెళ్లిపోయాక ఆవిడ తిన్నదీ లేనిదీ ఆయన ఏనాడూ చూడలేదు.

"ఒసే పిచ్చిదానా! ఎవుర్ని ఉద్ధరించడానికే?" కోపంగా పొట్లాలు సంచీలో కుక్కేశాడు.

"మీరేమో ఆకలికాగలేరు. నేను పోతే మీకెవరు వండి పెడతారు? ఇంకో పదేళ్లయినా ఉంచమని దేవుళ్లకి మొక్కుకున్నాను."

రైలు కూత వేసింది. జగన్నాధం ఒక చేత్తో సంచీనీ, ఇంకో చేత్తో భార్యనీ పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి దిగిపోయాడు. ఎదురు బండెక్కి మళ్లీ విశాఖ వెళ్లారు. సుహాసిని అంతా విని కసురుకోలేదు.

"తప్పు నాదేనమ్మా, విడమరిచి చెప్పాల్సింది. పాత మందే వేసుకోండి, రోజూ తిన్నాక, ఒక్కరోజు కూడా తప్పకుండా. మూడు నెలలకి అంకె దిగితే మార్చే పని ఉండకపోవచ్చు. ఇకమీదట ఉపవాసం ఉండాలనిపిస్తే ముందు నన్నడగండి" అంది.

ఇంటికొచ్చాక పద్మకుమారి మొరాయించింది. మొక్కుకుని మధ్యలో వదిలేస్తే అరిష్టం కాదా?

"నోము నువ్వే సెయ్యి. పస్తు నేనుంటాను" అన్నాడు జగన్నాధం.

"మీరా!" పద్మకుమారి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి ఆఖరికి ఏడ్చేసింది.

శనివారం పొద్దున్న ఆయనే ఇడ్లీ పెట్టి పళ్లెం ముందుకు జరిపాడు. ముప్పయ్యేళ్ల కాపురంలో పద్మకుమారి భర్తకంటే ముందు తిని ఎరగదు. ఇడ్లీ తుంచి చేత్తో పట్టుకుని కూర్చుంది. "తిను. మాత్ర కాసుకునున్నాది" అన్నాడు ఆయన. తిని, గ్లాసెడు నీళ్లతో మాత్ర మింగింది. జగన్నాధం కొట్టుకెళ్లి, గల్లాపెట్టె పక్కనుండే జంతికల డబ్బా తీసుకెళ్లి పక్క కొట్టు కొండబాబు చేతిలో పెట్టాడు. "నేను కాళ్లట్టుకున్నా ఇవ్వకు" అన్నాడు. పదకొండింటికే అడిగాడు. కొండబాబు ఇవ్వలేదు, మంచివాడు.

అలా మూడు నెలలు గడిచాయి. మళ్లీ పరీక్ష. ఫలితం చెప్పే రోజు శనివారమే పడింది. సుహాసిని కాగితం చూసి నవ్వింది. అంకె దిగింది, మందు మార్చక్కర్లేదు. అదే మాత్ర, రోజూ, ఇలాగే.

తిరుగు ప్రయాణంలో కొత్తవలసలో జగన్నాధం దిగి, ఒక్క పొట్లమే తెచ్చి భార్య ఒళ్లో విప్పాడు. ఇడ్లీ ఇంకా పొగలు కక్కుతోంది.

"మరి మీకు?"

"శనివారం కదే" అన్నాడు. నీళ్ల సీసా మూత తీసి, మాత్ర అరచేతిలో పెట్టుకుని, ఇడ్లీ వంక చూడకుండా ఆవిడ ముఖం వంకే చూస్తూ కూర్చున్నాడు.