ఎత్తులో దించిన బూర

బ్యాండు మాస్టరు ఓదెలు వెనక్కి నడుస్తాడు. ఊరేగింపులో జనమంతా ముందుకు చూస్తుంటే ఆయనొక్కడే తన వాళ్ల ముఖాలు చూస్తూ, చేతులాడిస్తూ, వెనకడుగులు వేసుకుంటూ పోతాడు. జూబ్లీహిల్స్ గుట్టల మీద మేడలు లేస్తున్న ఎనభైల నుంచీ ఆ ఇళ్ల పెళ్లిళ్లకు వాయించేది ఈ బోరబండ బ్యాండే. వాయించేవన్నీ సినిమా పాటలు. మధ్యలో ఓదెలు తను కట్టిన బాణీ ఒకటి దూర్చేవాడు. "ఇది ఏ సినిమాలోదండీ?" అని ఎవరైనా అడిగితే నోటికొచ్చిన పేరు చెప్పేవాడు. తనదంటే నవ్వుతారని భయం.

తొంభై మూడులో ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాత ఇంట పెళ్లి. సంగీత దర్శకుడు సూర్యప్రకాశరావు ముందే పిలిచి చెప్పాడు: "మీ సొంత బాణీ వినిపించండి మాస్టారూ. నచ్చితే సినిమాలో బ్యాండు పాట మీకే."

ఆ వారమంతా ఓదెలుకు అన్నం సయించలేదు. బాణీ చివర బూర ఒక్క స్వరాన్ని పట్టుకుని పైకి, ఇంకా పైకి పోతుంది. అది ఊదగలవాడు బామ్మర్ది ఆంజనేయులొక్కడే. అతనికేమో ఆయాసం.

"తమ్మునికి ఛాతీల గురగుర అంటుంది. జర సూసుకో," అంది కౌసల్య, భర్త బయల్దేరుతుంటే.

"నువ్వేం ఫికర్ జెయ్యకు," అన్నాడు గానీ, ఫికరంతా ఆయనకే ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, సాధనంతా ఇంటి ముందు చాపలేసుకుని కూర్చుని చేశారు. కూర్చుంటే ఎవరికైనా ఊపిరికి కొదవేముంది? పెళ్లింటికి మాత్రం నిట్టనిలువు ఎత్తు. ఇన్నేళ్లు ఆ గుట్టలెక్కిన మనిషికి ఆ సంగతే తట్టలేదు. ఆశ ముందు ఎత్తూ పల్లం కనబడవు కదా!

ఆ బాణీ వాయిస్తూ సగం ఎక్కేసరికి ఆంజనేయులు పెదాలు నల్లబడ్డాయి. కళ్లు మాత్రం నేనూదుతానంటున్నాయి. పైన గేటు దగ్గర సూర్యప్రకాశరావు చెవి ఒగ్గి నిలబడ్డాడు. మేళం ఆపడానికి లేదు. పెళ్లికొడుకు గడప చేరకముందే ఆగితే అపశకునమని అందరూ మీద పడతారు. ఓదెలుకు ఇది ఎన్నేళ్ల కోరిక! ఇంకొంచెం ఎక్కితే చాలు. కానీ వీడు పడిపోతే కౌసల్యకు ముఖమెలా చూపించాలి?

బూరలు దించమని పిడికిలి బిగించి చూపించాడు. బూరలు దిగాయి. డోళ్లొక్కటే మోగుతూ గేటు దాకా సాగాయి. అదంతా తమ కోసమేననుకుని కుర్రకారు చిందులేశారు.

"ఎత్తుగడ బాగానే ఉంది గానీ, చివర తేలిపోయిందండీ," అని సూర్యప్రకాశరావు లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ పిలవలేదు.

ఆంజనేయులు రాతి మీద కూలబడి, "ఊదెటోణ్ణి గదా బావా! ఎందుకు దించమన్నవ్?" అని ఏడ్చాడు. ఓదెలు అతని వీపు నిమురుతూ తనూ ఏడ్చాడు.

ఆ తర్వాత ప్రతి పెళ్లిలోనూ అదే బాణీ వాయించాడు, బాణీలో ఎత్తు వచ్చిన చోట డోళ్లొక్కటే మోగేటట్టు. ఏ సినిమాదని అడిగితే "మాదే" అనేవాడు. ఆంజనేయులు ఇంకో రెండేళ్లు ఊది, మంచం పట్టి పోయాడు. అతని చోట మోతీనగర్ నుంచి సుబ్రహ్మణ్యం వచ్చాడు. మంచి ఊపిరున్నవాడు.

"ఇక్కడ ఆపడమెందుకండీ మాస్టారూ? నేను ఊదేస్తాగా," అన్నాడు మొదటిరోజే.

"గాడ ఆంజనేయులు దమ్ము తీస్కోవాలె," అన్నాడు ఓదెలు, వెనక్కి నడుస్తూనే.