ఒంటిగంటకు ఆగే ఫ్యాన్లు

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. చాలా ఏళ్లుగా ఇదే పని. ఫోటోలో ఒక మూల తెల్లటి మరక కనిపిస్తే, "మా నాయిన వచ్చిండు సార్, బిడ్డ పెండ్లి సూడనీకి" అని కళ్లు తుడుచుకునేవాళ్లను ఎందరినో చూశాను. అది లెన్సు మీద దుమ్మో, ఫ్లాష్ వెలుగో అని నాకు తెలుసు. అడిగితే చెప్పేవాణ్ని. అడగకపోతే ఊరుకునేవాణ్ని.

మాది చర్చికి పోయే కుటుంబం. దయ్యాల మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేనైతే అసలు నమ్మను. ఇప్పటికీ నమ్ముతున్నానో లేదో చెప్పలేను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

హనుమకొండలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. ముందు గది, పడకగది, వెనక చిన్న వంటగది. నా కంప్యూటర్ పడకగదిలో ఉండేది, ఎందుకంటే కూలర్ ఉన్నది ఆ ఒక్క గదిలోనే. వీడియో తయారయ్యేటప్పుడు కంప్యూటర్ విపరీతంగా వేడెక్కుతుంది. దాని డబ్బాలో నాలుగు చిన్న ఫ్యాన్లు ఉండేవి. పని ఎక్కువైతే అవి నాలుగూ కలిసి పిండి గిర్నీ నడిచినట్టు మోత పెట్టేవి.

నా భార్య ఎస్తేరు నర్సు. ఒక ప్రైవేటు దవాఖానలో పని చేసేది. కొన్ని రోజులు పగలు డ్యూటీ, కొన్ని రోజులు రాత్రి డ్యూటీ. రాత్రి డ్యూటీ చేసి పొద్దున తొమ్మిదికి ఇంటికొచ్చేది. వంట చేసి, స్నానం చేసి, ఒంటిగంటకు పడుకుంటే నాలుగున్నరకు లేచేది. ఆమెకు దొరికే నిద్ర అంతే. సరిగ్గా ఆ టైములోనే నా కంప్యూటర్ మోత.

చున్నీ చెవులకు చుట్టుకుని పడుకునేది. ఎప్పుడూ గొడవ పడలేదు. అప్పుడప్పుడు మాత్రం, "జర ఆ సప్పుడు తక్కువ చేయరాదు" అనేది. చేస్తాను అనేవాణ్ని. పెద్ద ఫ్యాన్లు పెడితే నెమ్మదిగా తిరిగినా గాలి సరిపోతుందని, సప్పుడు రాదని నాకు తెలుసు. ఒక పూట పని. ఈ సీజన్ అయిపోనీ అన్నాను. ఆ సీజన్ అయిపోయింది. ఇంకో సీజన్ వచ్చింది. అట్లా ఆరేళ్లు.

ఆ రోజు పాలకుర్తి వాళ్ల పెళ్లి వీడియో సాయంత్రం రిసెప్షన్‌లో వెయ్యాలి. మధ్యాహ్నమంతా కంప్యూటర్ ఆపకుండా నడిపాను. ఎస్తేరు రెండుసార్లు పక్కకు తిరిగింది. "ఇంకెంతసేపు?" అని అడిగింది. ఒక్క గంట అన్నాను. కాసేపటికి దిండు తీసుకుని వంటగదిలోకి పోయింది. నేను నీళ్లకు పోయినప్పుడు చూస్తే చాప మీద పడుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి నవ్వింది.

ఆ రాత్రి డ్యూటీకి పోయింది. పొద్దున తిరిగొస్తుంటే ఆమె స్కూటీ డివైడర్‌కు తగిలింది. ఎదురుగా బండి ఏమీ రాలేదని, దానంతట అదే పక్కకు పోయి తగిలిందని చూసినవాళ్లు చెప్పారు. తాను పనిచేసే దవాఖానకే తీసుకుపోయారు. నేను వెళ్లేసరికి అయిపోయింది.

ముందు రోజు మధ్యాహ్నం ఆమె నిద్రపోలేదన్న సంగతి నన్ను ఎవరూ అడగలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, పని తగ్గింది. ఒక రోజు సలీం భాయ్ దుకాణానికి పోయి పెద్ద ఫ్యాన్లు కావాలని అడిగాను. సలీం భాయ్ చౌరస్తా దగ్గర కంప్యూటర్లు రిపేరు చేస్తాడు, నాకు పాత స్నేహితుడు. అతనికి ఎస్తేరు కూడా తెలుసు. ఇప్పుడెందుకు అని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. "నువ్వే బిగించన్నా, నేను పక్కన కూసుంట" అన్నాడు.

ఆదివారం ఇంటికి వచ్చాడు. పాత డబ్బా తీసేసి వెడల్పుగా ఉన్న కొత్తది పెట్టాం. ముందు వైపు కింద రెండు పెద్ద ఫ్యాన్లు, లోపలికి గాలి తీసుకోవడానికి. వెనక పైన ఒకటి, వేడి గాలి బయటికి పంపడానికి. ప్రాసెసర్ మీద వేడిని లాగేసే జానెడు ఎత్తున్న అల్యూమినియం రేకుల దిమ్మె, దానికి ఇంకో ఫ్యాను. స్క్రూలకు బదులు రబ్బరు ముక్కలతో బిగించాను, అదురు డబ్బా రేకుకు తగలకుండా. ఫ్యాను ముందున్న రేకు జాలీ గాలిని కోసి ఈల వేయిస్తుందని దాన్ని కత్తిరించేశాను. వైర్లన్నీ వెనక్కి కట్టాను. దుమ్ము రాకుండా ముందు పలుచటి వల పెట్టాను.

తర్వాత సెట్టింగుల్లో వేడిని బట్టి ఫ్యాన్ల వేగం పెట్టాం. చల్లగా ఉంటే నెమ్మదిగా, వేడెక్కితే కొంచెం కొంచెంగా పెరిగేటట్టు. ఎంత చల్లగా ఉన్నా పూర్తిగా ఆగకుండా పెట్టాను. ఇది గుర్తుపెట్టుకోండి. నేనే నా చేత్తో పెట్టాను, సలీం భాయ్ చూశాడు.

ఆన్ చేస్తే వెలిగిందో లేదో తెలియలేదు. గోడ గడియారం సప్పుడు వినిపించింది. ఆ గదిలో గడియారం సప్పుడు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. సలీం భాయ్ టీ తాగకుండానే లేచి వెళ్లాడు. నేను మంచం మీద చాలాసేపు కూర్చున్నాను.

మర్నాడు ఖిలాలో, కోట గోడల ముందు తీసిన ఒక ప్రీ వెడ్డింగ్ వీడియో తయారు కావడానికి పెట్టి ముందు గదిలోకి వచ్చాను. ఒంటిగంట దాటాక చూద్దామని పోతే నాలుగు ఫ్యాన్లూ ఆగి ఉన్నాయి. గాభరా పడ్డాను. అంత పని మీద ఫ్యాన్లు ఆగితే కొన్ని నిమిషాల్లో వేడి తొంభై డిగ్రీలు దాటి కంప్యూటర్ దానంతటదే ఆగిపోవాలి. తెర మీద చూస్తే పని నడుస్తూనే ఉంది. ఫ్యాన్ల వేగం సున్నా. వేడి నలభై నాలుగు. పొద్దున ఫ్యాన్లు తిరుగుతున్నప్పుడు అదే పనికి డెబ్బై చూపించింది.

చెయ్యి పెట్టి చూశాను. రేకుల దిమ్మె చల్లగా ఉంది. నాలుగున్నరకు నాలుగు ఫ్యాన్లూ ఒకేసారి తిరగడం మొదలుపెట్టాయి. కాసేపట్లో వేడి మళ్లీ డెబ్బైకి వచ్చింది.

మూడు రోజులు వరుసగా ఇదే. సలీం భాయ్‌ని పిలిచాను. నుదుటి దగ్గర పెట్టి జ్వరం చూస్తారే, అట్లాంటిదే యంత్రాల వేడి చూసేది తెచ్చాడు. ఒంటిగంటకు మా ఇద్దరి కళ్ల ముందే ఫ్యాన్లు నెమ్మదించి ఆగిపోయాయి. దిమ్మె మీద పెట్టి చూస్తే నలభై మూడు. సన్నటి కాగితం ముక్క ఫ్యాను ముందు పట్టాడు. కదల్లేదు.

"గాలి లేదు, వేడి లేదు. పని మాత్రం నడుస్తాంది. ఇట్ల కానేకాదన్నా" అన్నాడు.

ఫ్యాన్లు మార్చాడు. సెట్టింగులన్నీ తీసేసి మళ్లీ పెట్టాడు. చివరికి మదర్‌బోర్డు కూడా మార్చాడు. తేడా లేదు. వెళ్తూ వెళ్తూ, "ఖరాబైతే లేదు గద, ఫికర్ చేయకు" అన్నాడు. కానీ నా మొహం చూడలేదు.

తర్వాత వారం అట్లా జరగలేదు. మధ్యాహ్నాలు ఫ్యాన్లు మామూలుగా తిరిగాయి. పది రోజుల తర్వాత మళ్లీ మొదలైంది. అప్పటినుంచి క్యాలెండర్ మీద గీతలు పెట్టడం మొదలుపెట్టాను. ఆగిన రోజుకు గీత, ఆగని రోజు ఖాళీ. రెండు నెలలు పెట్టాను. ఐదు రోజులు గీతలు, కొన్ని రోజులు ఖాళీ, మళ్లీ ఆరు గీతలు. ఆ వరుస ఎక్కడో చూసినట్టు అనిపించింది. అది ఎస్తేరు రాత్రి డ్యూటీల వరుస.

రాజమణి సిస్టర్ ఎస్తేరుతో కలిసి పనిచేసిన ఆమె. ఫోన్ చేసి, ఎస్తేరు బదులు ఎవరు వచ్చారని అడిగాను. ఒక కొత్తమ్మాయి వచ్చిందని, డ్యూటీ చార్టులో ఎస్తేరు వరుసే ఆమెకు ఇచ్చారని చెప్పింది. ఆ చార్టు ఫోటో పంపమన్నాను. ఎందుకని అడిగింది. ఊరికే అన్నాను. పంపింది.

ఆ వరుసలో రాత్రి డ్యూటీ పడిన ప్రతిసారీ మర్నాడు నా క్యాలెండర్ మీద గీత ఉంది. ఒక్క రోజు తప్ప. ఆ రోజు చార్టులో రాత్రి డ్యూటీ ఉంది కానీ నా దగ్గర గీత లేదు. ఒక్కటైనా తప్పింది కదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఎందుకైనా మంచిదని రాజమణి సిస్టర్‌ను అడిగాను.

"ఆ రాత్రి ఆ పిల్ల రాలేదన్నా, జొరమొచ్చింది. నేనే చేసిన ఆమె బదులు. చార్టుల మార్చలే" అంది. తర్వాత, "ఏమైందన్నా? నీకు మంచిగుందా?" అని అడిగింది. బాగానే ఉన్నానని ఫోన్ పెట్టేశాను.

ఆ తర్వాత గీత పడే రోజుల్లో మధ్యాహ్నం పని పెట్టుకోవడం మానేశాను. ఫ్యాన్లు ఆగడం తెలియాలని కంప్యూటర్ మాత్రం ఆన్‌లో ఉంచేవాణ్ని. తలుపు దగ్గరికి వేసి ముందు గదిలో కూర్చునేవాణ్ని. ఎవరైనా బెల్లు కొడతారేమోనని గేటు దగ్గరికి ముందే పోయి నిలబడేవాణ్ని. కూరగాయల బండి అతన్ని మా సందులో అరవొద్దని బతిమాలాను. పిచ్చి పట్టింది అనుకున్నారేమో తెలియదు.

ఒక్కసారి లోపలికి పోయాను. ఒంటిగంట దాటింది, ఫ్యాన్లు ఆగాయి. నేను పడుకునే వైపు పడుకున్నాను. ఇక్కడ ఏదో కనిపించిందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. కానీ ఏమీ కనిపించలేదు. వాసన రాలేదు. మంచం కదల్లేదు. ఆమె వైపు దుప్పటి మడత మడతలాగే ఉంది. క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆమె పోయినప్పటినుంచి ఆ మాటలు లోపల తిప్పుకుంటూనే ఉన్నాను. కానీ మాట్లాడితే సప్పుడవుతుందని నోరు తెరవలేదు. అట్లాగే నిద్రపోయాను. ఆమె పోయాక అంత గాఢంగా నేను నిద్రపోయింది అదే. నాలుగున్నరకు ఫ్యాన్లు తిరగగానే మెలకువ వచ్చింది. నా దిండు తడిసి ఉంది.

రేపు కూడా అట్లాగే పడుకుందాం అనుకున్నాను. కానీ మర్నాటినుంచి ఖాళీ రోజులు మొదలయ్యాయి. ఈసారి చాలా పొడుగ్గా సాగాయి. పది, పదిహేను, ఇరవై. రోజూ ఒంటిగంటకు గదిలో నిలబడి చూసేవాణ్ని. ఫ్యాన్లు తిరుగుతూనే ఉండేవి. చివరికి రాజమణి సిస్టర్‌కు ఫోన్ చేశాను. ఆ అమ్మాయికి ములుగు వైపు ఎక్కడో గవర్నమెంట్ ఉద్యోగం వచ్చిందట, పోయిందట. ఆమె బదులు ఎవరినీ తీసుకోలేదట. చార్టులో ఆ వరుసే తీసేశారట.

అప్పటినుంచి ఒక్కరోజు కూడా ఫ్యాన్లు ఆగలేదు.

దీన్ని నేను ఎట్లా అర్థం చేసుకోవాలో నాకు తెలియదు. పాస్టర్ గారిని అడగలేదు, అడిగితే ప్రార్థన చేసి పోగొడతానంటారేమోనని. కంప్యూటర్లు బాగా తెలిసిన ఇద్దరు ముగ్గురికి చెప్పాను. వేడి కొలిచే సెన్సరు తప్పన్నారు, కరెంటు తేడా అన్నారు. కావచ్చు. కానీ ఆ దిమ్మె మీద చెయ్యి పెట్టింది నేను. ఒక నర్సుకు జ్వరం వచ్చిన సంగతి సెన్సరుకు ఎట్లా తెలుస్తుందో ఎవరూ చెప్పలేదు.

మొన్న సలీం భాయ్ ఫోన్ చేశాడు. అటూ ఇటూ మాట్లాడి, చివరికి అడిగాడు. "ఎట్లుందన్నా కంప్యూటర్? మళ్ల ఆగుతాందా?"

"లేదు సలీం భాయ్, మంచిగనే నడుస్తాంది" అన్నాను.

ఫోన్ పెట్టేసి, ఒంటిగంట అవుతుంటే పోయి పడకగది తలుపు దగ్గరికి వేశాను.