పదిహేడో గేటు

నాన్న కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆయనకు స్కీయింగ్ రాదు. చిన్నప్పటి నుంచి నేను స్కీ పోటీల్లో దిగుతుండటంతో ప్రతి శనివారం నన్ను కారులో కొండకు తీసుకెళ్లేవారు. ఊరికే నిలబడటం ఇష్టంలేక గేట్ జడ్జి పని నేర్చుకున్నారు. గేటంటే మంచులో పాతిన రెండు కర్రలు; వాటి మధ్య నుంచి ప్రతి ఒక్కరి రెండు కాళ్లూ దాటాయో లేదో చూసి కార్డులో రాయాలి.

నాకు పదహారేళ్లప్పుడు ప్రావిన్స్ జట్టు ఎంపికకు చివరి పోటీ జరిగింది. మొదటి ముగ్గురికే చోటు. పదిహేడో గేటు దగ్గర నా ఎడమకాలు కర్రకు అవతలగా పోయింది. అది నాకు తెలిసింది. అక్కడ నిలబడ్డది నాన్నేనని కూడా తెలుసు. ఆగకుండా దిగిపోయాను. మూడో స్థానం వచ్చింది. కాసేపటికే నన్ను డిస్‌క్వాలిఫై చేశామన్నారు.

మా కోచ్ అప్పీల్ చేశాడు. జ్యూరీ ముందు నాన్న తన కార్డు, గీసిన బొమ్మ చూపించారు. తరువాత జ్యూరీ వాళ్లు నన్ను అడిగారు.

"ఆయన కళ్లజోడుకి ఆవిరి పట్టి ఉంటుంది. ఆయనకి స్కీయింగ్ రాదు, రూల్స్ కూడా సరిగ్గా అర్థం కావు," అన్నాను ఇంగ్లీషులో.

నాన్న నా వైపు చూశారు. తరువాత జ్యూరీతో, "నేనే పొరబడి ఉంటాను," అన్నారు. నా మూడో స్థానం నాకు తిరిగి ఇచ్చారు.

నాలుగో స్థానంలోకి జారిన అమ్మాయి పార్కింగ్ లాట్‌లో వాళ్లమ్మను పట్టుకుని ఏడుస్తుంటే మా కారు పక్కనుంచే వెళ్లింది.

"లెఫ్ట్ స్కీ అవతల నుంచి పోయింది కదమ్మా?" అన్నారు నాన్న.

"అవును నాన్నా."

ఆ తరువాత ఎవరు పిలిచినా జడ్జిగా నిలబడలేదు. "నాకు సరిగ్గా కనపడదండీ," అనేవారు.

నాలుగేళ్లు జట్టులో ఉన్నాను. మోకాలు రెండుసార్లు పోయింది, అక్కడితో ఆగిపోయాను. ఇప్పుడు పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాను. పోయిన చలికాలంలో ధైర్యం తెచ్చుకుని నాన్నతో, "ఆరోజు నీ పరువు తీశాను," అన్నాను.

"నా సంగతి వదిలెయ్. ఆ అమ్మాయికి చెప్పావా?"

ఆమెను వెతికి పట్టుకుని జరిగిందంతా మెసేజ్‌లో రాశాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. జట్టు ప్రకటించిన మర్నాడే మా నాన్న ఆ అమ్మాయి వాళ్లమ్మకు ఫోన్ చేశారట. తాను కళ్లారా చూసి కూడా గట్టిగా చెప్పలేకపోయానని, తప్పంతా తనదేనని క్షమాపణ అడిగారట. నా గురించి ఒక్క మాట కూడా అనలేదట.