హంబుల్ అంటే అణిగి ఉండడం కాదు

మొన్న మా చర్చి సంఘంలో ఉద్యోగ విరమణ చేసిన టీచర్లను సన్మానిస్తూ, మైకు పట్టుకున్న కుర్రాడు నన్ను "వెరీ హంబుల్ మేడమ్" అని పరిచయం చేస్తే, నా ఈడు ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. అనకాపల్లిలో నాకు మొండిదాన్నని పేరొచ్చింది ఆ మాట దగ్గరేనని వాళ్ళకి తెలుసు మరి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేనిక్కడే ఓ ఇంగ్లీషు మీడియం బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఊరంతా కొత్త బెల్లం వాసన వేసే ఆ చలికాలంలో, మా స్త్రీల కూడికకి పొరుగు రాష్ట్రం నుంచి ఓ పెద్దాయన ఇంగ్లీషులో ప్రసంగించడానికి వచ్చారు. తర్జుమా చేసే ఆయనకి జ్వరం తగలడంతో నన్ను నిలబెట్టారు. ముందు వరసలో మా పిన్ని, అమ్మ ఆఖరి చెల్లెలు, మోచేతికి కట్టుతో కూర్చుని ఉంది. మొగుడి దెబ్బలు పడలేక బుచ్చయ్యపేట నుంచి వచ్చేసిన ఆమెని ఆ సాయంత్రమే వెనక్కి పంపేయాలని సంఘపెద్ద తీర్మానించాడు. ఇంట్లో నేను తప్ప అందరూ తలూపారు.

పెద్దాయన ఆడవాళ్ళు హంబుల్‌గా ఉండాలన్నారు. నేను నోరు తెరిచేలోపే పక్కనుంచి సంఘపెద్ద, "అణిగిమణిగి పడుండమన్నారని సెప్పమ్మా" అని అందించాడు. అది సబ్మిసివ్ అనే మాటకి అర్థం. ఆ రెండింటి తేడా పిల్లలకి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టిన దాన్ని, తప్పెలా చెప్పను? హంబుల్ అంటే వినయమనీ, వినయం గల మనిషి తన విలువ తెలిసుండి కూడా గొప్పలు పోదనీ, అణిగి ఉండే మనిషిని అసలు తనకో విలువుందన్నదే మరిచిపోయేలా చేస్తారనీ, ఈయన కోరింది మొదటిదేననీ మైకులోనే చెప్పాను.

"ఆయన అంత సెప్పేడేటి?" అని సంఘపెద్ద కసిరాడు. నేను తిన్నగా ఆ పెద్దాయన వైపు తిరిగి, దెబ్బలు ఓర్చుకోమనా మీ ఉద్దేశం అని ఇంగ్లీషులో అడిగాను. ఆయన కంగారుపడి "నో, నో" అన్నారు. దానికి తర్జుమా అక్కర్లేకపోయింది.

పిన్ని లేచి నిలబడింది. "అయితే నాను ఎల్లను," అంది, అందరికీ వినబడేలా.

వెళ్ళలేదు కూడా. బజారులో టైలరింగు కొట్టు పెట్టుకుని తన బతుకు తను బతికింది. నాన్న నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు, తర్జుమాకి నన్ను మళ్ళీ పిలవలేదు, నేనూ క్షమాపణ చెప్పలేదు. ఇవాళ నిలబెట్టినా అదే చెబుతాను.

నిలబెట్టే అవసరమే పోయింది. ఇప్పుడందరికీ ఇంగ్లీషు వచ్చు, ప్రసంగాలు ఎక్కడా ఆగకుండా గడగడా సాగిపోతాయి. ఆ రోజు మాత్రం ఒక్కో వాక్యం తర్వాత పెద్దవాళ్ళంతా నోరు మూసుకుని, ఓ ఆడది ఏం చెబుతుందా అని ఎదురుచూడాల్సి వచ్చింది.