నేనే టైపు చేసిన వారసుల జాబితా

మొన్న నగరిలో మా పెద్దన్న పెద్దకర్మ ముగిసిన మూడో రోజున, ఆయన మనవరాలు, కొడుకు బిడ్డ, ఫోనులో లీగల్ హెయిర్ సర్టిఫికెట్ దరఖాస్తు నింపి, "అవ్వా, ఇంగ్లీషు సరిగ్గా ఉండాదా సూడు" అంటూ నా ముందు పెట్టింది. అందులో వారసులుగా అన్న కొడుకు పేరు కింద అన్న కూతురి పేరు కూడా ఉంది. నా చూపు అక్కడే ఆగిపోయింది.

ఆ పిల్ల వయసులో నా ముందు ఉండింది టైపు మిషను, ఒక అక్షరం తప్పితే కాగితమంతా మళ్లీ కొట్టాల్సిన రోజులవి. దస్తావేజులు రాసే ఒక పెద్దాయన దగ్గర నేను టైపిస్టును. హెయిర్స్, సక్సెసర్స్, డిసెండెంట్స్ అంటూ రోజూ కొట్టేదాన్నే గాని తేడా తెలియదు. అడిగితే ఆయన తమలపాకుకు సున్నం రాస్తూ, "డిసెండెంట్స్ అంటే కడుపున పుట్టినోళ్లు, వాళ్లకు పుట్టినోళ్లు. ఆ వరస ఎవురూ తీసేయలేరు. హెయిర్ అనేది ఆస్తి కాడ వచ్చే మాట. మనోళ్లు ఎవుర్ని రాస్తే వాళ్లేమ్మా" అన్నాడు.

అమ్మ ముందే పోయింది. నాయన పోయిన నెలకు పెద్దన్న చిత్తుకాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఇంటికి వారసులుగా అన్నలిద్దరి పేర్లే ఉన్నాయి. మగ్గం మీద చీర సగంలో ఉండగా మనిషి పోతే, కడుపున పుట్టినవాళ్లే దాన్ని నేసి దించాలన్నది మా ఇంటి ఆనవాయితీ. అన్నలు పవర్‌లూమ్ షెడ్లకు పోయి చేతిమగ్గం మరిచారు గనుక, నాయన వదిలిన చీరను నేసి దించింది నేను.

"నా పేరేదన్నా?"

"నిన్ను ఒకింటికి ఇచ్చేసినాం గదమ్మా. రాస్తే నలుగురూ నవ్వరా?"

"చీర దించినప్పుడు ఎవురూ నవ్వలేదే."

"అది వేరే, ఇది వేరే. టైమవతా ఉండాది, కొట్టు."

చట్టంలో కూతురూ వారసురాలేనని నాకు తెలుసు. ఇంకొక్క వరుస కొడితే చాలు. కాని గుండు మీద వెంట్రుకలైనా సరిగా మొలవని అన్నను చూస్తే చెయ్యి రాలేదు. ఒక్క తప్పు లేకుండా కొట్టి ఇచ్చాను. ఆ తర్వాత పన్నెండేళ్లు ఆ గడప తొక్కలేదు. రాకపోకలు మొదలయ్యాక కూడా అన్న పంపిన ప్రతి చీరనూ మడత విప్పకుండా తిప్పి పంపాను. ఆ కాగితం మాట ఆయన ఎత్తలేదు, నేను మరవలేదు.

అన్న కూతురి పేరు ఎవరు రాయమన్నారని ఆ పిల్లను అడిగాను.

"తాతే అవ్వా. ఆడబిడ్డ పేరు ఇడిసిపెట్టొద్దని ఆసుపత్రిలో రెండుసార్లు చెప్పినాడు."

ఇప్పుడు కూతురు తన పేరు కోసం నోరు తెరిచి అడగనక్కర్లేదు, సంతోషమే. అక్షరాలన్నీ సరిచూసి ఫోను తిరిగి ఇచ్చాను. రెండుసార్లు చెప్పిన ఆ మాట అప్పట్లో ఒక్కసారి నాతో అని ఉంటే, ఆ చీరల్లో ఒక్కటైనా ఉంచుకునేదాన్ని.