కత్తి అంచున నొక్కు

ఆసుపత్రిలో ఆయన్ని అందరూ ఊపిరి మాస్టారు అనేవాళ్లు. రోగి చర్మం ముక్కను జిగురు దిమ్మలో గట్టిపరిచి, వజ్రపు కత్తితో కంటికి ఆననంత పలుచగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకి అందించడం ఆయన పని. కోసిన ముక్కలు కత్తి పక్కనున్న బుల్లి తొట్టిలో నీళ్ల మీద తేలతాయి. దగ్గర్లో ఎవరైనా గట్టిగా ఊపిరి వదిలారా, చెల్లాచెదురే! "ఊపిరి బిగబట్టండయ్యా!" అని కసిరేవాడు. వాటిని దగ్గరికి చేర్చడానికి పుల్లకి అంటించిన కనురెప్ప వెంట్రుక వాడేవాడు. ఆ వెంట్రుకలు భార్యవి. "నాలో మా ఆయనకి నచ్చినవి ఇవే" అని ఆవిడ చుట్టాల దగ్గర ఎకసెక్కెమాడేది.

కొత్తగా చేరినవాళ్లకి ఆయన నేర్పే మొదటి పాఠం ఒకటుంది. మైక్రోస్కోపు తీసిన బొమ్మలో చీలిక కనిపిస్తే వెంటనే నమ్మకు, దిమ్మను అడ్డంగా తిప్పి మళ్లీ కోయి. చీలిక చర్మంతోపాటు తిరిగితే అది జబ్బు. తిరక్కుండా కత్తి దారినే పోయిందా, అది కత్తి చేసిన చిరుగు.

ఇంత చెప్పిన మనిషి, ఒక పొద్దున ఎవరితోనో బాతాఖానీ కొడుతూ దిమ్మను కత్తికి తగిలించాడు. అంచున చిన్న నొక్కు పడింది. "ఇంకోసారి కత్తి పాడుచేశావో, సామాన్ల గదికి పంపించేస్తా" అని పెద్ద డాక్టరు అంతకుముందే అని ఉన్నాడు. ఈ వయసులో డబ్బాలు మోయడమా! మాస్టారు సంగతి దాచేసి ఆ కత్తితోనే కోస్తూ పోయాడు.

ఆ వారమే పదకొండు రోజుల మగబిడ్డ చర్మం వచ్చింది. ముట్టుకున్నచోటల్లా బొబ్బలు. పైచర్మం అడుగున దాన్ని పట్టి ఉంచే పలుచని పొర ఒకటుంటుంది. చర్మం ఆ పొరకి పైన, కణాల్లో చీలితే బిడ్డ బతకడానికి ఆశ ఉంది. పొర దగ్గరే ఊడిపోతే దక్కడం అరుదు. తేలాల్సింది అదొక్కటే. బిడ్డ తండ్రి బస్సు డ్రైవరు. డ్యూటీ చొక్కాతోనే వచ్చి తలుపు బయట బెంచీ మీద కూర్చునేవాడు.

బొమ్మ వచ్చింది. పొర వెంబడే తిన్నటి చీలిక.

"ఊడిపోయింది. ఇంకేం అనుమానం లేదు" అన్నాడు పెద్ద డాక్టరు.

మాస్టారికి కత్తి నొక్కు గుర్తొచ్చింది. "సార్, ఒకసారి దిమ్మ తిప్పి కోస్తే..."

"ఎందుకు? కత్తి బాగానే ఉందిగా?"

"బాగానే ఉంది సార్."

ఛీ! ఆ మాటన్న నాలుక పడిపోయినా పాపం లేదు.

"ఇంకా ఎందుకు హింసపెట్టడం" అని డాక్టర్లు చెప్పారు. మందులూ గొట్టాలూ తీయించి డ్రైవరూ అతని భార్యా బిడ్డను ఇంటికి తీసుకెళ్లారు. మూడో రోజు అందరూ భోజనానికి వెళ్లాక మాస్టారు దిమ్మ తిప్పి, కత్తికి నొక్కులేని వైపున కోశాడు. పొర ఈ చివరినుంచి ఆ చివరికి నిక్షేపంలా ఉంది. చర్మం చీలింది దానికి పైన. బిడ్డ ఇంకా బతికే ఉన్నాడు. బొమ్మ పట్టుకుని పెద్ద డాక్టరు గది తలుపుదాకా వెళ్లాడు. లోపల ఆయన ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతున్నాడు. ఈయన కాసేపు నిలబడి వెనక్కి తిరిగాడు. రేపు చెబుదాంలే అనుకుని బొమ్మను సొరుగులో పెట్టాడు. ఆరో రోజున బిడ్డ పోయాడు.

రెండు నెలలకి డ్రైవరు మళ్లీ వచ్చాడు. మాస్టారి గది గుమ్మంలో నిలబడ్డాడు.

"మీరు తొందరగా కోసిచ్చారంట సార్. లేకపోతే వాణ్ని ఇంకెన్నాళ్లు సూదులతో పొడిపించేవాళ్లమో! ఇంకో బిడ్డ వద్దనుకున్నాం. మా ఆవిడకి ఆపరేషన్ కూడా చేయించాం. మళ్లీ అలాంటివాణ్ని కనే ధైర్యం మాకు లేదు."

మాస్టారు తల ఊపాడు.

"ఒళ్లంతా కట్లే కదా, ఫొటో తియ్యబుద్ధి కాలేదు సార్. వాడిదంటూ మా దగ్గర ఏమీ లేదు. మీ దగ్గర వాడి బొమ్మ ఉందన్నారు..."

సొరుగులో రెండు బొమ్మలున్నాయి. మాస్టారు చీలిక ఉన్నదాన్ని తీసి ఇచ్చాడు.

డ్రైవరు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. చీలిక వెంబడి వేలితో నెమ్మదిగా తడిమాడు. "ఇదేనా సార్, మావాణ్ని చంపింది?"

"అదే" అన్నాడు మాస్టారు.

డ్రైవరు బొమ్మను చొక్కా జేబులో పెట్టుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.