పదహారు చేతుల దొర

నిన్న పటమట లైబ్రరీ మేడమీద నేనేం చేసొచ్చానో తెలిస్తే మీరెవరూ మీ పిల్లల్ని నా క్లాసుకి పంపరు!

పోయిన వారం సినిమా క్లబ్బు వాళ్లు ఇంటికొచ్చారు. "మేరీ టీచరు గారూ, ఇంగ్లండులో ఒక నటుడున్నాడండీ. నటిస్తాడు, కథ రాస్తాడు, డైరెక్షనూ తనే! ఆయన గురించి శనివారం మీరు మాట్లాడాలి" అన్నారు. నేను! మైకు ముందు! ఎగిరి గంతేసి సరేనన్నా. ఓ లండన్ పత్రిక చేతిలో పెట్టి వెళ్లారు.

వారమంతా ఆ పత్రిక వదిలితే ఒట్టు. మంగళవారం దాని మీద కాఫీ ఒలికింది. కొంగుతో తుడిచి ఎండలో పెట్టా. ఎండింది, చదువుకున్నా.

మొదట్లో సాఫీగానే ఉంది. బేకరీలో పనిచేసిన కుర్రాడు నాటకాల్లో చేరాడు, హీరో అయ్యాడు, తనే సినిమాలు తీశాడు. పేజీ తిప్పితే ఇంగ్లీషు కాస్త ముదిరింది. 'సిక్స్‌టీన్ హ్యాండ్స్' అని ఉంది. అబ్బ, ఎంత బాగా పొగిడారో! ఇప్పుడు 'స్టడ్'లో ఉన్నాడట. స్టూడియోని ముద్దుగా అలా అంటారు కాబోలు. 'ఫార్టీ ఫోల్స్' అని ఉంది. డిక్షనరీ అటకమీదుంది, ఎవరెక్కుతారు? రోల్స్‌కి అచ్చుతప్పు అని పెన్సిలుతో దిద్దేశా కూడా. ఇంగ్లీషు టీచర్ని కదా!

నిన్న హాలు నిండిపోయింది! ముందు వరసలో మా హెడ్‌మిస్ట్రెస్ గారు. జూన్‌లో నన్ను హైస్కూలు సెక్షనుకి వెయ్యాలన్నా, మానాలన్నా ఆవిడే. పక్కన క్లబ్బు ప్రెసిడెంటు, ఆ పక్కన పశువుల డాక్టరు గారు.

"ఆయనకి రెండు చేతులు కావండీ, పదహారు చేతులు!" అన్నా. చప్పట్లు! "రోజూ పొద్దున్నే ఆరు మైళ్లు పరుగు! ఓట్సు, క్యారెట్లు తప్ప ముట్టడు!" మళ్లీ చప్పట్లు. "రిటైరయ్యాక కూడా స్టూడియోలో నలభై రోల్స్! అన్నీ ఆయన పోలికే!" ఇంక నన్ను ఆపేదెవరు? "కొత్త బూట్లు వేసేటప్పుడు ఎవర్నీ తన్నడట! అంత వినయం ఎక్కడుంటుందండీ!"

డాక్టరు గారు మెల్లిగా లేచారు. "అమ్మా, చిన్న సందేహం. పదహారు చేతులు... ఎత్తా?"

"ఎత్తు కాదండీ, ప్రతిభ!"

"ఆ పత్రిక ఓసారి ఇప్పిస్తారా?"

ఇచ్చా. ఆయన వెలుతురుకి పట్టి చూసి, గోటితో అంచు గీకారు. చర్రుమని రెండు పేజీలు విడిపోయాయి. కాఫీకి అతుక్కుపోయాయండీ!

"గుర్రం ఎత్తు చేతుల్లో కొలుస్తారమ్మా. స్టడ్ అంటే మేలుజాతి గుర్రాల్ని సంతానం కోసం ఉంచే చోటు. ఫోల్స్ అంటే గుర్రపు పిల్లలు, బూట్లంటే నాడాలు. పేజీ తిప్పిన దగ్గర్నుంచీ మీరు చెప్పిందంతా ఓ రేసు గుర్రం గురించి."

హాలు హాలంతా పగలబడి నవ్వింది. మా హెడ్‌మిస్ట్రెస్ గారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. నాకు పౌరుషం వచ్చింది. విడిపోయిన పేజీలు లాక్కుని అసలు కథ అక్కడే చదివేశా. తర్వాతి రెండు సినిమాలూ పోయాయి, నిర్మాతలతో తగాదా, ఇప్పుడు వేరేవాళ్ల సినిమాల్లో వంటవాడి వేషాలు.

హాలు చప్పబడిపోయింది. వెనకనుంచి చేనేత బట్టల కొట్టాయన అడిగాడు: "ఇంతేనాండీ? ఇందాకటిదే బావుంది!"

నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది!

ఇవాళ చర్చినుంచి వస్తుంటే హెడ్‌మిస్ట్రెస్ గారు ఎదురుపడ్డారు. "మేడమ్, హైస్కూలు సంగతి..." అని నసిగా.

"వేస్తానమ్మా. కాకపోతే ఇంగ్లీషుకి కాదు, డ్రాయింగుకి. గుర్రాన్ని దొరలా బొమ్మ కట్టించారుగా!" అన్నారు.

నాకు డ్రాయింగు ముక్క రాదు. ఆ మాట ఆవిడతో అనలేదు. ఇన్నేళ్లూ ఇంగ్లీషు రాదని మాత్రం చెప్పానా ఏంటి!